జానెడు పొట్ట, నిమ్మకాయంత పొట్ట

మన తెలుగువారిలో ఇద్దరు కలుసుకొంటే మొదటి మాట "భోంచేసినారా?" అన్నదే. మనము తరతరాలుగా ఉంటున్న ఈ తమిళసీమలోనూ అంతే, "సాప్పిట్టాచ్చా?" అని అడుగకుండా ఎవరూ రెండవ మాట ఎత్తరు. ఇంట తెలుగు, వీధిలో తమిళము మాట్లాడుకొని బ్రతికే నాబోటివాడు రోజుకు పదిమార్లు రెండు భాషలలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉంటుంది. బరువు తగ్గుటకై పొట్టకు శస్త్రచికిత్స చేయించుకొన్న తరువాతనే అది ఎంత చిక్కు ప్రశ్నయో నాకు తెలిసివచ్చినది.

ఇటువంటి సంగతులు మన కుటుంబాలలో బయటికి చెప్పుకోరు. గుండె ఆపరేషను అయితే చెప్పుకొంటారు, కంటి ఆపరేషను అయితే చెప్పుకొంటారు. "లావు తగ్గడానికి కడుపు కోయించుకొన్నాడట" అంటే మాత్రము నవ్వో జాలియో ఎదురవుతుంది. ఇదే ఆలోచనలో ఉన్న మిత్రులు ఇద్దరు ముగ్గురు నన్ను చాటుగా అడిగినారు. ఆ చాటుమాటలు నలుగురికీ పనికివస్తవని తోచి వ్రాస్తున్నాను. నేను వైద్యుడను కాను. గుడియాత్తంలో లుంగీల వ్యాపారము చేసే ఒక కంపెనీ ఆఫీసులో లెక్కలు వ్రాసే గుమాస్తాను. చదువు మెట్రిక్యులేషనుతో సరి. కనుక అనుభవించినది, వైద్యులు నాకు అర్థమయ్యేటట్లు చెప్పినది మాత్రమే చెపుతాను.

నా వయస్సు 46. 2023 చివరకు నా బరువు 122 కిలోలు. మధుమేహము పట్టి పదకొండేండ్లు. రెండు పూటలా ఇన్సులిన్ సూది. మా ఆఫీసు మేడమెట్లు 22 ఎక్కేలోగా మోకాళ్ళు మూడుసార్లు నిలువమనేవి. రాత్రి గురకలో ఊపిరి ఆగి ఆగి వచ్చేదని నా భార్య మేలుకొని కూర్చుండేది. పథ్యము, నడక, ఒంటిపూట భోజనము, ఇవన్నీ సంవత్సరాల తరబడి చేసినవే. తగ్గిన పది కిలోలు పన్నెండై తిరిగి వచ్చేవి. ఇది మనోబలము లేనివారి జబ్బని లోకము అనుకొంటుంది గాని, పోయిన బరువును తిరిగి తెచ్చుకొనుటకు శరీరమే ఆకలి పెంచి, ఖర్చు తగ్గించి పోరాడుతుందని నేటి వైద్యశాస్త్రము చెపుతున్నది. ఇది నా ఒక్కడి కథ కూడ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తమిళనాడులో స్త్రీలలో నూటికి 40 మంది, పురుషులలో 37 మంది ఉండవలసినదానికంటె ఎక్కువ బరువు ఉన్నవారే.

మాకు పెద్ద వైద్యమంటే రాయవేలూరే. గుడియాత్తం నుండి బస్సెక్కితే గంట, గంటంబావు ప్రయాణము. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒక్క మంచముతో ప్రారంభించిన వైద్యము పెరిగి పెరిగి ఆ ఊరినే ఆసుపత్రుల ఊరుగా మార్చినది. చిత్తూరు, పలమనేరు వైపు తెలుగువారేగాక బెంగాలువారు, అస్సామువారు కూడ అక్కడి లాడ్జీలలో వారాల తరబడి కాపురముంటారు. నాకు శస్త్రచికిత్స జరిగిన ఆసుపత్రి ఏదన్నది ఇక్కడ అవసరము లేదు. 2024 సంక్రాంతి వెళ్ళిన మరుసటి వారము జరిగినది.

ఖర్చు విషయము దాచను. ప్రావిడెంటు ఫండు నుండి కొంత, నా భార్య గాజులు కుదువపెట్టి కొంత, మా అమ్మాయి పైచదువుకని పోస్టాఫీసులో కూడబెట్టుకొంటూ వచ్చినది కొంత తీసినాము. ఈ మూడవది ముల్లువలె లోపల నిలిచిపోయినది. తరువాతి నెలలలో నాకు కలిగిన ప్రతి సందేహమునకు అదే వేరు.

చేసినదేమిటో క్లుప్తముగా చెపుతాను. 1966లో అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయపు డాక్టరు ఎడ్వర్డ్ మేసన్ ఈ పద్ధతిని మొదలుపెట్టినారు. కడుపులో పుండ్లు పడి జీర్ణాశయములో కొంత తీసివేయించుకొన్న రోగులు బరువు తగ్గడము చూచి ఆయనకీ ఆలోచన తోచినది. జీర్ణాశయపు పై భాగములో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, చిన్న ప్రేగును తెచ్చి దానికి కలుపుతారు. మిగిలిన జీర్ణాశయము లోపలే ఉంటుంది, కాని తిన్న అన్నము అటు పోదు. దీనిని బైపాస్ అంటారు. ముప్పాతిక భాగమును కోసి తీసివేసి, మిగిలినదానిని గొట్టమువలె చేసే స్లీవ్ అనే పద్ధతి కూడ ఉన్నది. నా మధుమేహము పాతది గనుక వైద్యులు బైపాస్ మేలన్నారు. జానెడు పొట్ట అనే మాట మనకు అలవాటే గదా. ఆ జానెడు నిమ్మకాయంత అయినది.

పొట్టపై ఐదు చిన్న రంధ్రాలే. వాటి బాధ అంతగా లేదు. తెలివి వచ్చిన తరువాత మాత్రము కుడిభుజము విరిగిపోతున్నట్లు నొప్పి. "కోసింది పొట్ట గదా, భుజమెందుకు నొస్తుంది?" అని కంగారుపడితే నర్సమ్మ నవ్వి చెప్పినది: లోపల చోటు కల్పించుటకు పొట్టలోకి వాయువు ఊదుతారు, అది పూర్తిగా పోయేవరకు డయాఫ్రంను ఒరుసుకొని భుజములో నొప్పి తెలుస్తుంది, నడిస్తే పోతుంది అని. ఆ సాయంకాలమే పట్టుకొని నడిపించినారు. కాలి నరాలలో నెత్తురు గడ్డ కట్టకుండుటకు కూడ ఆ నడక అవసరమట.

తరువాత నీళ్ళ కథ. మందు కొలిచే చిన్న కప్పుతో, గుటక గుటకగా, గడియారము చూచుకొంటూ త్రాగవలెను. ఒక లీటరు నీరు లోపలికి పంపుటకు ప్రొద్దంతా పట్టేది. నీరు త్రాగడము కూడ ఒక ఉద్యోగమేనని అప్పుడు తెలిసినది. రెండు వారాలు పలుచని ద్రవాలు, మజ్జిగ తేట, పప్పు కట్టు, సీసాలోని ప్రోటీను పొడి. ఆ తరువాత మెత్తగా రుబ్బినవి, ఆ తరువాత మెత్తగా ఉడికినవి. దినానికి 60 గ్రాముల ప్రోటీనైనా పడవలెనని లెక్క. తిండి నడుమ నీళ్ళు కూడదు. తిన్న అరగంటకు గాని త్రాగరాదు. ప్రతి ముద్దను ఇరవై ముప్పైసార్లు నమలవలెను. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఆకలి మాత్రము లేదు. ఆకలి లేని మనిషికి ప్రొద్దు ఎంత పొడుగో ఆకలిగలవారికి తెలియదు.

అన్నింటికంటె కఠినమైన ఘట్టము ఆసుపత్రిలో కాదు, మా వంటింటిలో వచ్చినది. మా అమ్మకు 72 ఏండ్లు. ఆమెకు ప్రేమ అంటే గరిటె. మూడవ వారము నేను నాలుగు చెంచాల పప్పుకట్టు త్రాగి గిన్నె ప్రక్కన పెట్టినాను. ఆమె ఆ గిన్నెను చూచి, నన్ను చూచి, "ఇన్నేండ్లూ నేను పెట్టిన కూడే నీకు జబ్బయిందా నాయనా?" అన్నది. కోపముతో కాదు, నిజముగా అడిగినది. డాక్టరు చెప్పిన హార్మోనుల సంగతి ఆమెకు ఎట్లా చెప్పను? "నీ కూడు కాదమ్మా, మన ఒంటి తత్త్వము. తాతకు, నాయనకు వచ్చిన చక్కెర జబ్బే నాకూ వచ్చింది" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. రెండు రోజుల తరువాత పెట్టె అడుగునుండి ఒక వెండి గిన్నె తీసి తోమి నా ముందు పెట్టినది. అది నా ఉగ్గుగిన్నె. "అప్పుడు కూడా నువ్వు ఇంతే తినేవాడివి. అప్పుడు నేను ఏడ్చినానా?" అన్నది. ఆనాటినుండి నేటివరకు ఇంట్లో నా కొలత ఆ గిన్నెయే.

సందేహాల సంగతికి వస్తాను. ఇవి ఒక్కసారి రావు, వాయిదాల మీద వస్తవి. 2024 ఏప్రిల్‌లో, నాకు మూడు నెలలు నిండే వేళకు, చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇటువంటి శస్త్రచికిత్సకే చేరిన ఒక యువకుడు మరణించినాడన్న వార్త వచ్చినది. ప్రభుత్వము విచారణ జరిపించినది. ఆ పత్రికను నా బల్లమీద ఎవరో మడతపెట్టి ఉంచి పోయినారు. మేలు కోరి పెట్టినారో, హేళనకు పెట్టినారో తెలియదు. బంధువొకరు 2015లో అమెరికాలో మరణించిన సినీనటి ఆర్తీ అగర్వాల్ పేరు ఎత్తినారు. ఆమె కొన్ని వారాల ముందు చేయించుకొన్నది చర్మము క్రింది కొవ్వును పీల్చి తీసే లైపోసక్షన్ అని అప్పటి పత్రికలు వ్రాసినవి. అది వేరు, ఇది వేరు. అయినా రాత్రి పడుకొన్నప్పుడు ఈ వివరాలు పనిచేయవు. "దేవుడిచ్చిన కడుపును మార్చుకొన్నానే, ఇక తిరిగి రాదే, పిల్ల చదువు డబ్బు ఇందులో పోసినానే" అన్న ఒక్క ఆలోచనే గిరగిర తిరిగేది.

సరిగ్గా ఆ నెలలోనే తలవెంట్రుకలు దువ్వెననిండా రాసాగినవి. అరచేతులు, పాదాలు చల్లబడేవి. ఎనభై ఏండ్ల వానివలె ఎండలో కూర్చుండేవాడను. బరువు మూడు వారాలు ఒక్క గ్రామైనా కదలకుండ నిలిచిపోయినది. కాఫీ రుచి మన్నువలె ఉండేది. మే నెల నడుమ మా ఊరి గంగమ్మ శిరసు జాతర వచ్చినది. అమ్మవారి శిరస్సు ముత్యాలమ్మ గుడినుండి ఊరేగి వచ్చి, కౌండిన్య నది ఒడ్డున గంగమ్మ గుడిలో దేహముతో కలుస్తుంది. రేణుకమ్మ తల తెగి, మరియొక దేహమునకు అతికిన కథ మనకందరికీ తెలిసినదే. చిన్ననాటినుండి చూచుచున్న జాతరయే, కాని ఆ ఏడు గుంపులో నిలిచి చూస్తుంటే నా స్థితి అదే అనిపించినది. తల నాది, దేహము ఎవరిదో. చొక్కా వేరొకరిది తొడుగుకొన్నట్లు, నీడ కూడ వేరొకరిది పడినట్లు ఉండేది.

ఆ తరువాతి నెల వేలూరుకు పరీక్షకు పోయినప్పుడు బయట బల్లమీద పలమనేరు వైపు అక్క ఒకామె కూర్చుండి ఉన్నది. నాకంటె రెండేండ్లు ముందే చేయించుకొన్నదట. తెలుగు వినబడితే చాలు గదా, మాటలు కలిసినవి. నేను అడుగనా వద్దా అని వెనుకాడుతూ, "అక్కా, ఎందుకు చేయించుకొన్నానా అని మీకు ఎప్పుడైనా అనిపించిందా?" అన్నాను. ఆమె ఆలోచించకుండానే, "మొదటి ఆరు నెలల్లో వారానికి రెండుమార్లు. ఇప్పుడు ఏడాదికి రెండుమార్లు. అది కూడా ఆవకాయ పెట్టే నెలలో" అని నవ్వినది. ఆ ఒక్క మాట నాకు మందు సీసాకంటె మేలు చేసినది. సందేహము వచ్చినంత మాత్రాన చేసినది తప్పని కాదు, అది కూడ మానే గాయమువంటిదే అని అర్థమైనది. "మనసులో లెక్క వేసుకోవద్దు తమ్ముడా, కాగితం మీద వేసుకో" అని కూడ చెప్పినది.

గుమాస్తాకు ఇంతకంటె మంచి సలహా ఏమున్నది? ఇంటికి వచ్చి పద్దు పుస్తకము తెరచినాను. ఖర్చు వైపు: పోస్టాఫీసు డబ్బు, గాజులు, సగము జుట్టు, మైసూరుపాకు, పెండ్లిభోజనము, వేలాడే చర్మము, బ్రతికినంతకాలము మింగవలసిన విటమిను మాత్రలు, ఇనుము, కాల్షియము, బి12 సూదులు. జమ వైపు: పదవనాడే ఆగిన ఇన్సులిను, ఆగక ఎక్కిన 22 మెట్లు, ఊపిరి ఆగని నిద్ర, అందువలన నా భార్యకు నిద్ర, వంగి చెప్పుల పట్టీ పెట్టుకోవడము, నేలమీద కూర్చుండి చేయి ఊతము లేకుండ లేవడము. ఖర్చు వైపు వరుసలు ఎక్కువ. కాని జమ వైపు ఉన్నవి లేకుంటే, మా అమ్మాయి చదువు ముగిసేవరకు నేను ఉంటానన్న నమ్మకము ఉండేది కాదు. ఆ పుస్తకము అమ్మాయికి చూపినాను. చదివి, కలము తీసుకొని జమ వైపు అడుగున "నాన్న" అని వ్రాసి మూసివేసినది. నేను మరేమీ అడుగలేదు.

నలుగురిలో భోజనము మరొక సమస్య. అదే ఏడు శ్రావణములో మా దగ్గరి బంధువుల ఇంట పెండ్లి. ఆకు ముందు కూర్చుంటిని. రెండు చెంచాల పెరుగన్నము తినేసరికి చాలించినాను. వరుసకు బావమరది అయ్యేవాడు వచ్చి, "ఏం బావా, మా ఇంటి అన్నం చేదయిందా?" అని పాయసము పోయబోయినాడు. బైపాస్ అయినవానికి తీపి వేగముగా ప్రేగులోకి దిగితే గుండె దడ, చెమట, కన్ను తిరగడము వస్తవి. దీనిని డంపింగ్ అంటారు. ఆకుకు చేయి అడ్డుపెట్టినాను. అతని ముఖము చిన్నబోయినది. అతనిని తప్పు పట్టను. మనకు ప్రేమ చూపే తోవ అదొక్కటే తెలుసు. మరుసటి పంక్తికి నేను తువ్వాలు నడుముకు కట్టి సాంబారు బాల్దీ ఎత్తుకొన్నాను. వంద మందికి వడ్డించినాను. వడ్డించేవానిని "నువ్వెందుకు తినలేదు?" అని ఎవరూ అడుగరు. పైగా, "వీడు ఇంత చురుకుగా తిరిగి ఎన్నాళ్ళయిందో" అన్నారు. అప్పటినుండి ఏ శుభకార్యానికి పోయినా నా చోటు బాల్దీ దగ్గరనే. పెట్టేవాడుగా నలుగురితో కలియవచ్చునని ఈ చిన్న పొట్ట నాకు నేర్పినది.

చివరి సందేహము 2025లో వచ్చినది. ఆ మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే వారానికొక సూదిమందులు మన దేశములో అమ్మకానికి వచ్చినవి. "కొన్నాళ్ళు ఆగివుంటే సూదితోనే పోయేది గదా" అన్నవారు చాలామంది. వైద్యుని అడిగితే, "అవి మంచి మందులే, కొందరికి అవే చాలును, కాని చాలామందికి మానినప్పుడు బరువు తిరిగి వస్తుంది, ఖర్చు సాగుతూనే ఉంటుంది. నీ బరువుకు, నీ చక్కెరకు ఆనాడు ఉన్న దారులలో నీవు పట్టినది మంచి దారియే" అన్నారు. స్వీడనులో 1987లో మొదలుపెట్టి, సుమారు 4000 మందిని ఏండ్ల తరబడి గమనించి, 2007లో ప్రకటించిన ఫలితాలలో శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో మరణాలు తక్కువగా ఉన్నవని కూడ చెప్పినారు. అయితే ఏండ్లు గడిచినకొద్దీ కొంత బరువు, కొందరికి మధుమేహము తిరిగి రావచ్చునని దాచకుండ చెప్పినారు. నేడు నా బరువు 88 కిలోలు. చక్కెరకు ఒక మాత్ర ఇంకను ఉన్నది. జుట్టు తిరిగి వచ్చినది. అమ్మాయి ప్రభుత్వ కళాశాలలో చేరినది. పోస్టాఫీసు పద్దులో సగము పూడినది. గాజులు ఇంకా విడిపించవలసి ఉన్నది.

ఈ దారిలో పోయేవారికి రెండు మాటలు. బాధలు మూడు విధాలు, వాటిని కలగలుపవద్దు. వాయునొప్పి, చలి, జుట్టు రాలడము, బరువు నిలిచిపోవడము, ఇవి ఓపికతో పోయేవి. జ్వరము, గుండె వేగము, నానాటికి పెరిగే కడుపునొప్పి, ఆగని వాంతులు, నల్లని విరేచనము, ఇవి ఓర్చుకొనేవి కావు. ఏ నెల అయినా, ఏ ఏడు అయినా, వెంటనే ఆసుపత్రికి పోవలసినవి. నాబోటి బైపాస్ వారు మోకాలినొప్పికని మందుల షాపులో అడిగి తెచ్చుకొనే బ్రూఫెన్‌వంటి మాత్రలు కూడ మింగరాదు, లోపల పుండు పడుతుంది. మూడవది సందేహము. దానికి మందు లేదు. చెప్పుకొనవలెను, ముందు ఆ దారిన పోయినవారితో చెప్పుకొనవలెను. రాత్రులు నిద్రలేక, ఏడుపు ఆగక ఉంటే వైద్యునికి కూడ చెప్పవలెను. అందులో సిగ్గు లేదు.

కుటుంబములోని వారికి ఒక్క మనవి. మీ ఇంటికి వచ్చిన చుట్టము పిడికెడే తిని చేయి కడిగితే, మీ వంటను, మీ మనసును కాదన్నాడని తలచవద్దు. "చాలునా?" అని ఒక్కమారు అడగండి. "చాలు" అంటే నమ్మండి. ఆ తరువాత ఆకు ఎత్తివేసి ప్రక్కన కూర్చుండి రెండు మంచి మాటలు చెప్పండి. నిమ్మకాయంత పొట్టలో కూడ వాటికి చోటు ఉంటుంది.